పాత ప్రాసెసరు ఆటలకు చాలునా?

“అన్నా, ఈ ఐ5ల జీటీఏ నడుస్తదా?”

నల్లగొండ ప్రకాశం బజారులో గాని, మహబూబ్‌నగరు గడియార స్తంభము పరిసరములలో గాని ఒక కంప్యూటరు దుకాణమున కొంతసేపు నిలిచియున్నవారికి ఈ ప్రశ్న వినబడక మానదు. అడుగువాడు తరచుగా ఇంటర్మీడియటో పాలిటెక్నిక్కో చదువుచున్న బాలుడు. ప్రక్కన తండ్రియో మేనమామయో నిలిచియుండును. బల్లమీదనున్నది క్రొత్త యంత్రము కాదు. ఏ హైదరాబాదు కార్యాలయముననో కొన్ని సంవత్సరములు లెక్కలు వ్రాసి, ఉత్తరములు టైపుచేసి, ఆ కంపెనీవారు యంత్రములను మార్చినప్పుడు టోకున విక్రయింపబడి, సికింద్రాబాదు పార్క్‌లేనులో జనులు సీటీసీ యని పిలుచు చెనాయ్ ట్రేడ్ సెంటరు మీదుగా జిల్లాకు చేరిన నల్లని డెస్క్‌టాపు అది. దాని ముఖమున ఐ5 అని చిన్న చీటీ యుండును. “నడుస్తది తమ్మీ, మస్తు నడుస్తది” అని దుకాణదారుడనును. “అది పాతదిరా, కొత్త గేములు దాంట్ల నడువయి” అని వెంటవచ్చిన స్నేహితుడు చెవిలో చెప్పును.

ఇరువురి మాటలలోను సగము సత్యము కలదు. ప్రాసెసరు పాతదగుట ఒక సంగతి, ఆటకు చాలకపోవుట వేరొక సంగతి. మొదటిది తయారైన సంవత్సరమును బట్టి తెలియును. రెండవది యంత్రమును పరీక్షించిననే గాని తెలియదు. పత్తియో వడ్లో అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత తీసి కుమారుని చేత పెట్టిన తండ్రికి, ఆ సొమ్ము అవసరమైన చోటనే వెచ్చింపబడవలెనను కోరిక యుండుట న్యాయము. ఏ ఆట, ఎంత సాఫీగా, ఏ గ్రాఫిక్స్ కార్డుతో అను మూడు విషయములు చెప్పనిదే ‘నడుస్తదా’ యను ప్రశ్నకు ప్రత్యుత్తరము లేదు. అవి చెప్పిన పిమ్మట అరగంట పరీక్షతో ఎవరికి వారే నిర్ణయించుకొనవచ్చును.  

మేస్త్రియు కూలీలును

ఆటయందు తెరపై కనబడు చలనము నిశ్చలచిత్రములు వెంటవెంట మారుటచే మన కన్నులకు కలుగు భ్రాంతి. ఒక్కొక్క చిత్రమును ఫ్రేమందురు. సెకనుకు 60 ఫ్రేములు మారినచో ఆట సాఫీగా నున్నదని సామాన్యులు తృప్తిపడుదురు. 30కి దిగినచో చేతి కదలికకు తెర ఆలస్యముగా బదులిచ్చుచున్నట్లు తోచును. పోటీలలో ఆడువారు 144 కోరుదురు. సినిమాలో ఫ్రేములన్నియు ముందే సిద్ధమై యుండును. ఆటలోనో, ఆడువాడు ఎటు తిరుగునో ఎవరికిని ముందు తెలియదు గావున, ప్రతి ఫ్రేమును అప్పటికప్పుడు పుట్టింపవలెను. సెకనును 60 ఫ్రేములకు పంచినచో ఒక్కొక్కదానికి దక్కునది దాదాపు 16.7 మిల్లీసెకనులు, 144కు పంచినచో 7 మిల్లీసెకనులైనను లేదు. ఈ స్వల్పకాలమున ఇద్దరు పనివారు తమ తమ పనులు ముగింపవలెను.

ఆ ఇద్దరెవరో తెలియుటకు మన ప్రాంతపు కట్టుబడి పనిని తలచుకొనుట మేలు. దేశమందలి అనేకములైన ఆనకట్టల కట్టడములలో పాలమూరు కూలీల చెమట కలదు. గ్రామములలో మనుష్యులను కూడగట్టి దూరప్రాంతములకు తీసికొనిపోయిన గుంపు మేస్త్రీల పేర్లు నేటికిని ఆ జిల్లాలో ముసలివారి నోట వినబడును. నల్లగొండ జిల్లాలో కృష్ణానదిపై 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరము అట్టి మానవహస్తములచే రాతితో కట్టబడిన మహానిర్మాణము. రాతికట్టడమున ఏ వరుసలో ఏ రాయి పడవలెను, గోడ ఎచ్చట వంగవలెను, నిన్నటి పని ఎంతవరకు వచ్చినది, నేడు ఎవరు ఎచ్చట నిలువవలెను అను ఆలోచన మేస్త్రిది. రాళ్లెత్తి పేర్చుట వందలాది కూలీలది. ఆటల యంత్రములో ప్రాసెసరు మేస్త్రి, గ్రాఫిక్స్ కార్డు కూలీల గుంపు.

బాలుడడిగిన జీటీఏ అను ఆటలో నీవు కారును వీధి మలుపు త్రిప్పినప్పుడు, ఎదుటి లారీ ఎంత వేగముతో వచ్చుచున్నది, గుద్దుకొనినచో తలుపు ఎట్లు నొక్కుకొనిపోవలెను, పాదచారి పరుగెత్తునా నిలుచునా, ఈ స్థలమునుండి కనబడు గోడలేవి, కనబడనివేవి అని లెక్కించి, గీయవలసినవాని పట్టికను సిద్ధము చేయునది ప్రాసెసరు. ఆ పట్టికను పుచ్చుకొని, అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెరపై మొత్తము 20,73,600 చుక్కలకును రంగు నిర్ణయించి నింపునది గ్రాఫిక్స్ కార్డు. మన బల్లమీది యంత్రములోని ఐ5 పూర్తిపేరు ఐ5-3470 అనుకొందము; అందు ఆలోచించు కేంద్రములు, అనగా కోరులు, నాలుగు మాత్రమే. జీటీఎక్స్ 1650 అను సామాన్యమైన కార్డులో రంగులు లెక్కించు చిన్న విభాగములు 896.

మేస్త్రి మందగించినచో కూలీలు రాయి పట్టుకొని నిలిచియుందురు. కూలీలు చాలనిచో మేస్త్రి పని పురమాయించి ఊరక కూర్చుండును. గోడ లేచు వేగము ఆ ఇరువురిలో వెనుకబడినవాని వేగమే గాని సగటు కాదు. ఇందుండి రెండు ఫలితములు తేలుచున్నవి. ప్రాసెసరే వెనుకబడియున్న యింట ఎంత ఖరీదైన కార్డు తెచ్చి పెట్టినను ఫ్రేములు పెరుగవు. కార్డే వెనుకబడియున్న యింట ప్రాసెసరును మార్చుట డబ్బును కృష్ణలో పారవేయుటయే. మరియు, తెరపై చుక్కల సంఖ్య పెరిగినకొలది కార్డు పని పెరుగును గాని ప్రాసెసరు పని ఇంచుమించు మారదు; లారీ వేగమును లెక్కించుటకు తెర చిన్నదైననేమి, పెద్దదైననేమి? ఈ కడపటి సంగతిని పాఠకుడు జ్ఞాపకముంచుకొనవలెను. రాబోవు పరీక్ష అంతయు దానిమీదనే ఆధారపడియున్నది.

కార్యాలయములనుండి వచ్చిన డెస్క్‌టాపులలో అధికభాగమునకు ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డే యుండదు. ఐ5-3470 తన పలుకలోనే హెచ్‌డీ 2500 అను చిన్న చిత్రవిభాగమును మోయుచున్నది. అందు పనిచేయు యూనిట్లు ఆరు మాత్రమే. అట్టి యంత్రముపై జీటీఏ పెట్టి, అది మెట్టుమెట్టుకు ఆగుచుండగా చూచి, “ప్రాసెసరు ముసలిదైపోయినది” అని తీర్పుచెప్పుట ఎంత అన్యాయమో ఇక చెప్పనక్కరలేదు. పాత ప్రాసెసర్లపై మోపబడు నేరములలో చాలభాగము ఇట్టిదే.

పేరులోని అంకెలు

ఐ5 అనుట ఏమియు చెప్పకుండుటతో సమానము. ఆ పేరు 2009లో పుట్టి తరతరములుగా కొనసాగినది. చెప్పవలసినది దాని వెనుకనున్న అంకె. 3470లో మొదటి 3 మూడవ తరమును, అనగా 2012 నాటి తయారీని తెలుపును. 4570 అన్నచో నాల్గవ తరము, 2013. 12400 అన్నచో మొదటి రెండంకెలు కలిసి పండ్రెండవ తరము. చివర అక్షరముండినచో దానిని మరింత జాగ్రత్తగా చూడవలెను. 2015 నాటి ల్యాప్‌టాపులలో విరివిగా వచ్చిన ఐ7-5500యు అను ప్రాసెసరు పేరునకు ఐ7 ఐనను, 15 వాట్లలో ఒదిగియుండవలసినది గావున రెండే కోరులు గలది. అంతకు రెండేండ్ల ముందటి డెస్క్‌టాపు ఐ5-4570లో కోరులు నాలుగు. ఆటలకు ఆ ఐ5 ఎంతో మేలు. పేరులోని పెద్ద అంకెను చూచి పాత ల్యాప్‌టాపునకు ఎక్కువ వెల పెట్టినవారు మన పట్టణములలో ఎందరో కలరు.

పిమ్మట గిగాహెర్ట్జులు. 3.2 గిగాహెర్ట్జులనగా సెకనుకు 320 కోట్ల అడుగులు. 60 ఫ్రేముల లెక్కన ఒక్కొక్క ఫ్రేమునకు 5 కోట్ల 30 లక్షలకు పైగా అడుగులు లభించును. ఇంత విస్తారమైన అవకాశముండగా చాలకపోవుట యేమని ఆశ్చర్యము కలుగవచ్చును. కాని ఒక్కొక్క అడుగులో ఎంత పని సాగునన్నది తరతరమునకు మారుచు వచ్చినది. 2004లో ఇంటెల్ పెంటియం 4ను 3.8 గిగాహెర్ట్జుల వరకు తీసికొనిపోయి, వేడిమికి తాళలేక 4 గిగాహెర్ట్జుల తలంపును మానుకొనినది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో ఇ6600 కేవలము 2.4 గిగాహెర్ట్జులతోనే దానిని సునాయాసముగా దాటిపోయినది. కావున వేర్వేరు తరముల ప్రాసెసర్లను గిగాహెర్ట్జులచే పోల్చుట వ్యర్థము. ఒకే తరములోనివానిని పోల్చుటకు మాత్రము ఆ అంకె పనికివచ్చును.

కోరుల సంఖ్య విషయమునను ఇట్టి భ్రమయే కలదు. నాలుగు కోరులు రెండింటికి రెట్టింపు గదా యని తోచును. మేస్త్రీలు నలుగురైనను నక్షాను పరచి మొదటి దారము కట్టువాడు ఒక్కడే కావలెను. అతడు ముగించువరకు తక్కిన ముగ్గురు వేచియుండవలసినదే. పనిలో సగము ఇట్లు విభజింపరానిదైనచో నలుగురు కలిసినను వేగము 1.6 రెట్లకు మించదు. నూరుగురు వచ్చినను రెండు రెట్లు కాజాలదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఈ హద్దును స్పష్టముగా చూపెను. ఆటలలో ఇట్టి విభజింపరాని పని ఎక్కువ. అందుచేతనే ఆటలకు ముందు ఒక్కొక్క కోరు బలమును, ఆ తరువాతనే కోరుల సంఖ్యను చూడవలెను. 2022లో వచ్చిన నాలుగు కోరుల ఐ3-12100, 2011 నాటి నాలుగు కోరుల ఐ7-2600ను ఆటలలో చాల వెనుకకు నెట్టివేయుటకు హేతువిదియే.

వీనియన్నింటికన్న తక్కువగా ఎరుగబడినదియు, ఆటలకు అత్యంతము ముఖ్యమైనదియు కాష్. ప్రాసెసరునకు కావలసిన సమాచారము ర్యామునుండి రావలెనన్నచో రెండు వందల అడుగులకు పైగా కాలము వృథాగా గడచిపోవును. మేస్త్రి చేయిచాచిన చోట రాయి లేక, క్వారీనుండి బండి వచ్చువరకు పని ఆగినట్లే. తరచు కావలసిన సమాచారమును ప్రాసెసరు తన చెంతనే కుప్పవేసికొనుటకు ఏర్పరచుకొనిన స్థలమే కాష్. దాని మహిమకు 2022 ఏప్రిలులో ఏఎండీ విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్3డీ సాక్షి. అది తన తోబుట్టువగు 5800ఎక్స్ కన్న తక్కువ గిగాహెర్ట్జులతో నడచును. కాని కాష్ 32 మెగాబైట్లనుండి 96కు పెరుగుటచేత, అనేకములైన ఆటలలో ఆ తోబుట్టువును మించినది. మన ఐ5-3470లో కాష్ 6 మెగాబైట్లు. కావున అది మాటిమాటికి ర్యాము వాకిట నిలువవలసియుండును. అట్టి ప్రాసెసరునకు ర్యాము దారిని వెడల్పు చేయుట గొప్ప ఉపకారము. ఎనిమిది గిగాబైట్ల ఒకే కడ్డీకి బదులు నాలుగేసి గిగాబైట్ల కడ్డీలు రెండు అమర్చినచో, డీడీఆర్3-1600 ర్యాముతో సెకనుకు 12.8 గిగాబైట్లనుండి 25.6 గిగాబైట్లకు ఆ దారి విశాలమగును. పాత డెస్క్‌టాపులలో చాలవరకు ఒకే కడ్డీతో అమ్ముడుపోవుట చూచినప్పుడెల్ల, ఇంత సులువైన మేలు చేతికందియుండియు అందకపోవుచున్నదే యని మనస్సు నొచ్చును.

ఆటపెట్టెల నీడలో

పాత ప్రాసెసర్లు ఇంతకాలము ఆటలకు చాలుట, ఆపైన హఠాత్తుగా చాలకపోవుట అను వింతకు కారణము మన యింటి కంప్యూటరులో లేదు. టెలివిజనుకు తగిలించి ఆడు ప్లేస్టేషను, ఎక్స్‌బాక్స్ అను ఆటపెట్టెలలో ఉన్నది. పెద్ద ఆటలను నిర్మించువారు కోట్ల కొలది వెచ్చింతురు గావున, ఆ పెట్టెలపై నడువని ఆటను వారు సాధారణముగా తలపెట్టరు. 2013 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 4లో కోరులు ఎనిమిదైనను అవి 1.6 గిగాహెర్ట్జులతో నడచు బలహీనమైన కోరులు. ఆ పెట్టెకు సరిపోవునట్లు ఆటను కుదించినవారికి, ఇంటనున్న నాలుగు కోరుల ఐ5 ఎంతో బలవంతుడుగా కనబడినది. 2012లో తయారైన ప్రాసెసరు 2020 వరకును గౌరవముతో బ్రదుకుటకు ఆ పెట్టె బలహీనతయే కవచమైనది.

2020 నవంబరులో ప్లేస్టేషన్ 5 వచ్చినది. అందు 3.5 గిగాహెర్ట్జుల వరకు నడువగల జెన్ 2 జాతి కోరులు ఎనిమిది. నిర్మాతలు పాతపెట్టెను విడిచిన మరుక్షణమే కవచము తొలగిపోయినది. సైబర్‌పంక్ 2077 చరిత్ర దీనికి చక్కని నిదర్శనము. 2020 డిసెంబరులో ఆ ఆట విడుదలయైనప్పుడు నిర్మాతలు కనీసము కావలసినదిగా చెప్పినది మూడవ తరపు ఐ5-3570కె. 2023లో ఆ ఆటకు వచ్చిన పెద్ద విస్తరణ పాత ఆటపెట్టెలను వదలివేసినది. అప్పుడే ఆ కనీసము ఐ7-6700కు పెరిగినది. ఆట పేరు మారలేదు, కాని కావలసిన ప్రాసెసరు మూడు తరములు ముందునకు జరిగినది.

ఇప్పుడు మన బాలుని ప్రశ్నకు రావచ్చును. 2015 ఏప్రిలులో కంప్యూటరులకు వచ్చిన జీటీఏ 5నకు నిర్మాతలు కనీసము కోర్ 2 క్వాడ్ క్యూ6600ను, సిఫారసుగా ఐ5-3470ను పేర్కొనిరి. బల్లమీదనున్నది ఆ సిఫారసు చేయబడిన ప్రాసెసరే! దుకాణదారుని మాట ఇంతవరకు సత్యము. కాని 2025 మార్చిలో అదే ఆటకు ఎన్‌హాన్స్‌డ్ అను క్రొత్తరూపము వచ్చినది. దానికి కనీసము ఐ7-4770 కావలెను. స్నేహితుని మాటయు ఇంతవరకు సత్యమే. ఏ జీటీఏ యని అడుగక ఇరువురును వాదించుకొనుచున్నారు.

వేగముతో నిమిత్తము లేని అడ్డంకులు కూడ కొన్ని కలవు. ప్రాసెసర్లకు తరతరమునకు క్రొత్త ఆజ్ఞలు నేర్పబడును. ఏవీఎక్స్ అను ఆజ్ఞాసముదాయము 2011 నాటి రెండవ తరముతోను, ఏవీఎక్స్2 అనునది 2013 నాటి నాల్గవ తరముతోను వచ్చినవి. ఆజ్ఞ తెలియని ప్రాసెసరుపై ఆ ఆజ్ఞను కోరు ఆట మెల్లగా నడుచుట కాదు, తెరచుకొననే తెరచుకొనదు. మూడవ తరమునకును నాల్గవ తరమునకును వెలలో భేదము స్వల్పమైనచో నాల్గవదానిని ఎన్నుకొనుమని చెప్పుటకు ఇదియొక్కటియే చాలిన కారణము. అట్లే విండోస్ 11, ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందటి ప్రాసెసర్లను అధికారికముగా అంగీకరింపదు. విండోస్ 10కి సామాన్య భద్రతా సేవలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. వాలరెంట్ ఆట విండోస్ 11పై టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అను భద్రతా ఏర్పాటులు రెండింటిని కోరుచున్నది. ఆ ఆటకు వేగము చాలియుండియు ఈ వాకిటనే ఆగిపోయిన పాత యంత్రములు అనేకము.

ఇంట చేయదగిన పరీక్ష

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కసారిగా నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందు పెర్ఫార్మెన్స్ అను భాగమున ప్రాసెసరునకును గ్రాఫిక్స్ కార్డునకును వేర్వేరు గీతలు కనబడును. ఆటను నడిపించి, జనసమ్మర్దము గల వీధిలోనో పెద్ద పోరాటములోనో కొంతసేపు ఆడి, వెంటనే ఆ గీతలను చూడవలెను. కార్డు నూటికి 95కు పైగా పనిచేయుచున్నచో కూలీలు నిండుగా పనిలోనున్నారని అర్థము. ప్రాసెసరునకు దోషము లేదు. కార్డు 50, 60లలో ఊగులాడుచు ఆట ఆగియాగి నడుచుచున్నచో ప్రాసెసరును అనుమానింపవలెను.

ఇచ్చట చాలమంది ఒక పొరపాటు చేయుదురు. ప్రాసెసరు గీత 40 శాతము మాత్రమే చూపుచున్నది, ఇంకను 60 శాతము ఖాళీ గదా యని వారనుకొందురు. నాలుగు కోరులలో ఒక్కటి నిండుగా పనిచేసి మిగిలినవి ఊరకున్నను టాస్క్ మేనేజరు చూపునది 25 శాతమే. గీతపై మౌసు కుడిమీట నొక్కి కోరులను విడివిడిగా చూడవచ్చును. కాని విండోస్ ఒకే పనిని ఒక కోరునుండి మరియొక కోరునకు క్షణక్షణమును మార్చుచుండుటచేత ఆ విడి గీతలలో సైతము నిజము పూర్తిగా బయటపడదు. అందుచేత ప్రాసెసరు గీతను నమ్ముటకన్న కార్డు గీతను నమ్ముట క్షేమము.

దీనికన్నను నిస్సంశయమైన పరీక్ష తెర చుక్కలను తగ్గించుట. ముందుగా ఆట సెట్టింగులలో వీసింక్ అనుదానిని, ఫ్రేములకు హద్దు విధించు ఏర్పాటేదైన నున్నచో దానిని తీసివేయవలెను. లేనిచో ఏ కొలతయైనను 60 దగ్గర నిలిచిపోయి మోసపుచ్చును. పిమ్మట 1920×1080 కొలతపై ఒక నిర్ణీతస్థలమున ఎన్ని ఫ్రేములు వచ్చుచున్నవో వ్రాసికొని, కొలతను 1280×720కి దించి, అదే స్థలమున మరల చూడవలెను. చుక్కలు 20,73,600 నుండి 9,21,600కు తగ్గినవి గావున కార్డు పని సగముకన్న తక్కువైనది; ప్రాసెసరు పని మారలేదు. మొదట 45 ఫ్రేములుండి ఇప్పుడు 80కి ఎగసినచో కొరత కార్డుది. 45 కాస్తా 46 ఐనచో కొరత ప్రాసెసరుది. ఏ కార్డు తెచ్చినను ఆ ఆటలో ఆ యంత్రము 46ను దాటదు. ఇంత ఖచ్చితమైన తీర్పును ఒక్క పైసా ఖర్చు లేక ఇచ్చు పరీక్ష మరియొకటి లేదు.

ఫ్రేముల సగటును మాత్రమే చూచి తృప్తిపడరాదు. నూరు ఫ్రేములలో 99 ఒక్కొక్కటి 12 మిల్లీసెకనులలో వచ్చి, ఒక్కటి మాత్రము 100 మిల్లీసెకనులు తీసికొనినదనుకొందము. సగటు లెక్కించినచో సెకనుకు 77కు పైగా ఫ్రేములు. వినుటకు దివ్యముగా నున్నది. కాని ఆ ఒక్క ఫ్రేము వద్ద సెకనులో పదవవంతు ఆట స్తంభించినది, ఆ క్షణముననే ఎదుటివాడు తుపాకి పేల్చినాడు. నాలుగు కోరుల పాత ప్రాసెసర్ల అసలు బాధ తరచుగా ఇట్టి తడబాటే. ఆటకు కోరులన్నియు కావలసియున్న సమయముననే విండోస్ అప్‌డేటో, యాంటీవైరసో, తెరచియుంచిన క్రోమ్ కిటికీలో ఒక కోరును లాగికొనును. వానిని మూసి చూచిన పిమ్మటనే తీర్పు చెప్పవలెను.

రోహిణీకార్తె ఎండలు

డిసెంబరులో నడచిన ఆట మే నెలలో నడువకపోవుట నల్లగొండవారికి క్రొత్త కాదు. ప్రాసెసరు వేడిమి గదిలోని గాలి వేడిమిపై కూర్చుండును. గాలికన్న 50 డిగ్రీలు ఎక్కువగా వేడెక్కు యంత్రము శీతకాలపు 22 డిగ్రీల గదిలో 72 వద్ద నిలుచును. మధ్యాహ్నము 42 డిగ్రీలకు మరగు రేకుల గదిలో 92కు చేరును. మూడవ తరపు ఇంటెల్ ప్రాసెసర్లు 105 డిగ్రీల సమీపమున తమను తాము కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. పదేండ్లనాడు పూసిన థర్మల్ పేస్టు ఎండి పెళుసై, చెలకనేలల ఎర్రదుమ్ము ఫ్యాను రెక్కల వెనుకనున్న లోహపు పలుకల సందులలో దుప్పటివలె పరచుకొనియున్నచో, ఆ హద్దు మరింత త్వరగా వచ్చును. పెట్టె తెరచి, మెత్తని కుంచెతో ఆ పలుకలను శుభ్రపరచి, పాత పేస్టును తుడిచి, బఠాణిగింజయంత క్రొత్త పేస్టు నుంచి, ఫ్యానును మరల బిగించినచో, ప్రాసెసరు చాలదని తీర్మానింపబడిన యంత్రములు కొన్ని తిరిగి లేచి నడుచును. ఈ పని చేయకుండ పాత ప్రాసెసరుపై తీర్పు చెప్పుట నా దృష్టిలో విచారణ లేని శిక్ష.

ఎవరికి చాలును, ఎవరికి చాలదు

రెండు కోరుల కోర్ 2 డుయోను నేడు ఆటలకొరకు కొనుట తగదు. ఇంటనున్నచో దానిపై ఈఏ క్రికెట్ 07 హాయిగా ఆడుకొనవచ్చును. మూడవ, నాల్గవ తరముల నాలుగు కోరుల ఐ5 యున్నవాడు, జీటీఏ 5 పాతరూపమునకును, 2020కి పూర్వపు ఆటలలో అధికభాగమునకును ప్రాసెసరును మార్చనక్కరలేదు. ర్యాము రెండవ కడ్డీ, ఒక ఎస్ఎస్‌డీ, క్రొత్త పేస్టు, ఆపైన ఒక గ్రాఫిక్స్ కార్డు. డబ్బు ఈ క్రమమున వెచ్చింపవలెను. కార్డు విషయమున ఒక హెచ్చరిక. డెల్ ఆప్టిప్లెక్స్ 7010 వంటి కార్యాలయపు చిన్న పెట్టెలలో కరెంటు డబ్బా శక్తి 240 వాట్లే గావున, మదరుబోర్డు పట్టునుండి లభించు 75 వాట్లతోనే నడచునట్టి, జీటీఎక్స్ 1050 టీఐ, 1650 వంటి కార్డులలో అదనపు తీగ అడుగనివానిని, పెట్టె ఎత్తునకు సరిపోవు పొట్టి రకమును అడిగి తీసికొనవలెను.

ఫ్రీ ఫైర్ మాక్స్ వంటి ఫోను ఆటలను కంప్యూటరుపై ఎమ్యులేటరుతో ఆడగోరువారికి ప్రాసెసరు మరింత ముఖ్యము, ఏలననగా ఎమ్యులేటరు కంప్యూటరులోపల మరియొక ఫోనునే నడిపింపవలసియున్నది. ఐనను బయోసులో వర్చువలైజేషను మూసియుండుట చేతనే కార్యాలయపు యంత్రములలో ఎమ్యులేటరు కుంటుట తరచు. ముందు దానిని తెరచి చూడుడు.

తడబాటు మాత్రమే బాధించుచున్నవారు మదరుబోర్డును మార్చకుండ, 3470 స్థానమున ఐ7-3770నో, 4570 స్థానమున ఐ7-4770నో అమర్చుకొనవచ్చును. పట్టు అదే, ఒక్కొక్క కోరు ఇరువురి పనిని చూచుకొనునట్టి ఏర్పాటు అదనము. ప్లేస్టేషన్ 5ను ఉద్దేశించి నిర్మింపబడుచున్న క్రొత్త ఆటలు కావలెనన్నవారు పాత ప్రాసెసరుపై ఇక రూపాయియు పెట్టరాదు. వేచియుండి, పండ్రెండవ తరమో ఆపైదో తీసికొనుటయే లాభము.

దుకాణమునకు పోవునప్పుడు నీకు కావలసిన ఆటను పెన్‌డ్రైవులోనో చిన్న హార్డ్‌డిస్కులోనో వెంట తీసికొనిపొమ్ము. ఆ యంత్రముపై దానిని పెట్టించి, రెండు కొలతలపై నడిపించి, ఫ్రేములు చూచిన పిమ్మటనే డబ్బు చెల్లింపుము.